పప్పు ఉడకని నీళ్లలో ఆఫ్రికా చేపలు

వనపర్తి జిల్లా కొత్తకోట, పెబ్బేరు, మదనాపురం చుట్టుపక్కల చాలా బోర్ల నీళ్లతో కందిపప్పు ఒక పట్టాన ఉడకదు. సబ్బు నురగ రాదు. బకెట్ల అంచున, హీటర్ రాడ్ మీద తెల్లటి పొర గట్టిగా పేరుకుపోతుంది. అలంకార చేపల పని మొదలుపెట్టిన కుర్రవాళ్లు ముందు ఈ నీళ్లనే తిట్టుకుంటారు. డిస్కస్, టెట్రా లాంటి అమెజాన్ చేపలు తెచ్చి, వాటికోసం ఆర్.ఓ. ప్లాంట్ నుంచి క్యాన్లు మోసి, ఆరునెలల్లో అలిసిపోయి తొట్టి అమ్మేస్తారు. నేను చెప్పేది ఒక్కటే: నీళ్లను బట్టి చేపను ఎంచుకోండి. సున్నం, క్షారం ఉన్న నీళ్లలోనే పుట్టి పెరిగిన చేపలు ఉన్నాయి. అవి ఆఫ్రికా సరస్సుల సిక్లిడ్లు. మన బోరు నీళ్లు వాటికి దాదాపు సొంతింటి నీళ్లు.

తూర్పు ఆఫ్రికాలో మలావీ, టాంగన్యీకా, విక్టోరియా అని మూడు పెద్ద సరస్సులు. మన దుకాణాల్లోకి వచ్చేవి ఎక్కువగా మలావీ చేపలు. ఆ సరస్సు దాదాపు 580 కిలోమీటర్ల పొడవు, 700 మీటర్ల లోతు ఉంటుంది. వందల రకాల సిక్లిడ్లు అక్కడ తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండవు. నీటి పీహెచ్ సుమారు 7.7 నుంచి 8.6 మధ్య, వేడి ఏడాది పొడవునా 24 నుంచి 29 డిగ్రీల దాకా. టాంగన్యీకా నీళ్లు ఇంకా క్షారం, అక్కడ పీహెచ్ 9 దగ్గర. మలావీ ఒడ్డున రాళ్ల గుట్టల మధ్య బతికే చేపల్ని అక్కడివాళ్లు ఎంబునా అంటారు. రాళ్ల మీద పాచి గీక్కుతినడం, తన సందు కోసం పక్కచేపతో కొట్లాడటం, ఇదే వాటి జీవితం. పసుపు, నీలం, నారింజ రంగుల్లో ఇవి మెరుస్తుంటే సముద్రపు చేపలేమో అనుకుంటారు. రహదారి మీద హోటల్‌కో, డాక్టర్ గారి క్లినిక్‌కో తొట్టి పెట్టించే వాళ్లు కోరుకునేది ఆ రంగునే.

ఇలా తొట్లు పెట్టించి చూసుకునే పనిని ఉన్న ఉద్యోగానికి తోడుగా పెట్టుకోదగ్గ పనిగానే చెబుతున్నాను. మొదటి ఏడాది దీన్నే నమ్ముకుని ఉన్న జీతం వదలకండి. రోజుకి అరగంట, వారానికి ఒక పూట దీనికి చాలు. ఆ అరగంట మాత్రం తప్పకూడదు.

ముందు నీళ్ల సంగతి. చేపలకంటే, తొట్టికంటే ముందు కొనాల్సింది చుక్కలతో పరీక్షించే టెస్ట్ కిట్. పీహెచ్, కేహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ ఈ ఐదూ చూడగలిగేది తీసుకోండి. వాటర్ ప్లాంట్ల వాళ్ల దగ్గర ఉండే టీడీఎస్ మీటర్‌ని నమ్ముకోవద్దు. నీళ్లలో ఎంత కరిగి ఉందో అది చెబుతుంది, ఏం కరిగి ఉందో చెప్పదు. ఉప్పు కరిగినా, సున్నం కరిగినా దానికి ఒకటే అంకె. మనకు కావాల్సింది కేహెచ్, అంటే పీహెచ్‌ని కింద పడనివ్వకుండా పట్టి ఉంచే కార్బొనేట్ల లెక్క. అది 8 డిగ్రీలు, అంటే సుమారు 140 పీపీఎం, దాటితే నిశ్చింత. మరో జాగ్రత్త: బోరులోంచి అప్పుడే పట్టిన నీళ్లకు పీహెచ్ చూడకండి. భూమిలోంచి వచ్చే నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, ప్రాణవాయువు తక్కువ. ఆ కార్బన్ డయాక్సైడ్ వల్లే అంకె తక్కువ చూపిస్తుంది. డ్రమ్ములో పోసి, ఎయిర్ పంపు పెట్టి, ఒక రోజు ఆగాక చూస్తే అసలు అంకె తెలుస్తుంది. 7.2 చూపించిన నీళ్లే మర్నాటికి 8 దాటొచ్చు.

ఇక ఫ్లోరైడ్. నల్లగొండ, మహబూబ్‌నగర్ అనగానే గుర్తొచ్చేది అదే. మన నేల కింది గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి అది నీళ్లలోకి దిగుతుంది. క్షారం ఎక్కువగా ఉన్న నీళ్లు దాన్ని ఇంకా బాగా కరిగించుకుంటాయి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరు, నాగపూర్‌లోని నీరి సంస్థ దాన్ని రూపొందించింది. మనుషులు తాగే నీళ్లలో లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రమాణం. చేపల మీద ఫ్లోరైడ్ ప్రభావం మెత్తటి నీళ్లలో ఎక్కువ, సున్నం ఉన్న నీళ్లలో తక్కువ. అయినా మీ ఊరి బోరుకి ఆ పేరుంటే, ఖరీదైన చేపలు తెచ్చేముందు నాలుగు మామూలు చేపల్ని నెలన్నర ఆ నీళ్లలో పెంచి చూడండి. నన్నడిగితే ఫ్లోరైడ్ కన్నా నైట్రేట్‌తోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. పొలాల మధ్య, మరుగుదొడ్ల గుంతల పక్కన ఉన్న బోర్లలో అది ఎక్కువగా ఉంటుంది. బోరు నీళ్లలోనే 40 పీపీఎం నైట్రేట్ ఉంటే, ఎన్నిసార్లు నీళ్లు మార్చినా తొట్టి శుభ్రం కాదు.

అలాంటి చోట మిషన్ భగీరథ నీళ్లు కలుపుకోవచ్చు. అవి నది నీళ్లు, శుద్ధి చేసి క్లోరిన్ కలిపి పంపుతారు. క్లోరిన్ మొప్పల్ని కాల్చేస్తుంది. యాంటీ క్లోరిన్ ద్రావణం వేయండి, లేదా ఎయిర్ పంపు పెట్టి ఒక రోజు ఆరనివ్వండి. నది నీళ్లలో కేహెచ్ తక్కువ అనిపిస్తే 50 లీటర్లకి ఒక టీస్పూన్ తినే సోడా కరిగించి కలపండి, దాదాపు 4 డిగ్రీలు పెరుగుతుంది. సోడాని వేరే బకెట్లో కరిగించాకే పోయాలి, తొట్టిలో నేరుగా వేయకూడదు. ఏప్రిల్, మే నెలల్లో బోరు మట్టం పడిపోయి నీళ్లు చిక్కబడతాయి. వానలు పడ్డాక మళ్లీ పలచబడతాయి. అందుకని ఏడాదికి రెండుసార్లైనా మీ బోరుని కొత్తగా పరీక్షించండి.

తొట్టి నాలుగడుగుల పొడవుకి తగ్గకూడదు. నాలుగు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉంటే అంచుదాకా 255 లీటర్లు పడతాయి. రాళ్లు, ఇసుక పోగా 200 లీటర్ల నీళ్లు నికరం. పది మిల్లీమీటర్ల అద్దం తీసుకోండి. నీళ్లు, అద్దం, రాళ్లు కలిపి 350 కిలోల దాకా బరువు తూగుతుంది కాబట్టి మేడ మీద పెట్టేట్టయితే దూలం మీదుగా, గోడ వారన పెట్టాలి. స్టాండు మీద థర్మాకోల్ షీటు పరిచి, దాని మీద తొట్టి ఉంచి, స్పిరిట్ లెవెల్‌తో నాలుగు మూలలూ చూడండి. కొత్త తొట్టిని ఆరుబయట రెండ్రోజులు నీళ్లతో నింపి ఉంచి, కారట్లేదని తేలాకే లోపలికి తీసుకెళ్లండి. కస్టమర్ ఇంట్లో రాత్రిపూట తొట్టి కారితే ఆ ఊళ్లో మీకు మళ్లీ పని దొరకదు.

లోపల పెట్టే రాళ్లు కొనక్కర్లేదు, మన దగ్గరే ఉన్నాయి. తాండూరు నాపరాళ్ల తునకలు బండల దుకాణాల వెనక పడి ఉంటాయి. నాపరాయి సున్నపురాయి కాబట్టి నీళ్లలో మెల్లగా కరుగుతూ క్షారాన్ని కాపాడుతుంది. నిమ్మరసం చుక్క వేస్తే నురగ కడుతుంది, అదే దాని గుర్తు. మన పొలాల్లో దొరికే గ్రానైట్ గుండ్లు నీళ్లని ఏమీ చేయవు, అవీ వాడుకోవచ్చు. తుప్పు రంగు చారలున్న రాళ్లు, లోహంలా తళుక్కుమనే మచ్చలున్న రాళ్లు మాత్రం వద్దు. రాళ్లను ఇసుక మీద పేర్చడం చాలామంది చేసే తప్పు. ఈ చేపలు నోటితో ఇసుక తవ్వుతాయి. కింద ఇసుక జారిపోతే గుట్ట కూలి అద్దం పగులుతుంది. ముందు అడుగున పలచటి థర్మాకోల్ ముక్క, దాని మీద పెద్ద రాళ్లు, ఆ తర్వాత చుట్టూ రెండంగుళాల ఇసుక. ఇసుకని నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. గుట్టను వెనక అద్దం వైపు ముప్పావు ఎత్తు దాకా లేపి, చేప దూరి బయటికి రాగలిగేలా చాలా సందులు వదలండి. సందు దొరకని బలహీనమైన చేప రెండ్రోజుల్లో చనిపోతుంది. మొక్కల మీద డబ్బు పెట్టకండి, ఎంబునాలు కొరికేస్తాయి.

ఫిల్టర్ గంటకు తొట్టి నీళ్లను ఏడెనిమిది సార్లు తిప్పగలగాలి. అంటే 200 లీటర్లకు గంటకు 1,500 లీటర్ల పంపు. దాంతోపాటు ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ ఒకటి తప్పకుండా పెట్టండి. కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఎయిర్ పంపుతో ఆ స్పాంజి ఒక్కటి నడిచినా చేపలు గట్టెక్కుతాయి. ఫిల్టర్, ఎయిర్ పంపు రోజంతా, లైటు ఎనిమిది గంటలు నడిస్తే రోజుకి ఒక యూనిట్ కరెంటు, నెలకి 30 యూనిట్లు. హోటల్ యజమాని ముందుగా అడిగేది ఇదే, లెక్క నోటికి వచ్చి ఉండాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 200 వాట్ల హీటర్ కావాలి. ఎండాకాలంలో మాత్రం మన ఊళ్లలో తొట్టి నీళ్లు 32 డిగ్రీలు దాటతాయి. వేడి నీళ్లలో ప్రాణవాయువు నిలవదు. మూత తీసేసి వల కప్పండి, నీటి మీద చిన్న ఫ్యాను గాలి తగలనివ్వండి, మేత సగానికి తగ్గించండి. ఐసు గడ్డలు వేయొద్దు.

ఇప్పుడు ఓపిక పరీక్ష. తొట్టి నింపిన మర్నాడే చేపలు వేయకూడదు. చేప వదిలే మలమూత్రాల్లోంచి అమ్మోనియా వస్తుంది. ఫిల్టర్‌లో పెరిగే ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, మరో రకం నైట్రేట్‌గా మారుస్తాయి. ఆ బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మన క్షారపు నీళ్లలో ఇది మరీ ముఖ్యం. పీహెచ్ 7 దగ్గర, 28 డిగ్రీల వేడిలో, అమ్మోనియాలో విష రూపంలో ఉండేది నూటికి ఒక వంతు కూడా కాదు. అదే పీహెచ్ 8.4 దగ్గర 15 శాతం. అంటే గోల్డ్‌ఫిష్ తొట్టిలో చెల్లిపోయిన నిర్లక్ష్యం ఇక్కడ ఇరవై రెట్లు కఠినంగా తగులుతుంది. కొత్త తొట్టి పెట్టిన వారానికే చేపలు పైకి తేలి గాలికి నోళ్లు తెరుస్తున్నాయంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. పాలకు తోడు వేసినట్టు, ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి స్పాంజిని కొత్త ఫిల్టర్‌లో పెడితే ఆరు వారాల పని రెండు వారాల్లోకి వస్తుంది. అందుకే మీ ఇంటి తొట్టిలో ఎప్పుడూ రెండు మూడు స్పాంజిలు అదనంగా నడుస్తూ ఉండాలి. ఈ వృత్తిలో అసలైన సరుకు అవే. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల కోసం బయల్దేరండి.

చేపల ఎంపికలో దుకాణం వాళ్లు ముందు చూపించేది ఆఫ్రికన్ మిక్స్. ఒక కవరులో అన్ని రంగులూ కలిపి చౌకగా ఇస్తారు. తీసుకోకండి. అందులో కెన్యి, అరాటస్ లాంటి అతి కోపిష్టి రకాలు ఉంటాయి, అవి పెరిగాక మిగతావాటిని బతకనివ్వవు. వీనస్టస్ లాంటివి పాతిక సెంటీమీటర్లు పెరుగుతాయి. మొదటి తొట్టికి నేను చెప్పే కూర్పు ఇది: ఎలక్ట్రిక్ ఎల్లో ఎనిమిది, రస్టీ ఆరు, పౌడర్ బ్లూ అని పిలిచే సొకొలొఫి ఆరు. మూడూ ఎంబునాల్లో నెమ్మదైనవే. అన్నీ అంగుళంన్నర పిల్లలుగా, ఒకేసారి వేయాలి. ముందు వచ్చిన చేప తొట్టి అంతా తనదే అనుకుంటుంది. నాలుగడుగుల తొట్టిలో ఇరవై చేపలంటే ఎక్కువ కదా అనిపిస్తుంది. ఆరేడు చేపలుంటే బలమైనది ఒకదాన్నే పట్టి తరిమి చంపుతుంది. ఇరవై ఉంటే ఎవర్ని తరమాలో దానికి తేలదు. పెద్దయ్యాక ఒక మగ చేపకి మూడు నాలుగు ఆడ చేపలు మిగిలేలా అదనపు మగవాటిని తీసి అమ్మేయండి. ఆ తర్వాత కొత్త చేపను వేయాల్సివస్తే, ముందు రాళ్లన్నీ కదిపి మళ్లీ పేర్చండి. హద్దులు చెరిగిపోతే అందరూ కొత్తవాళ్లే.

మలావీ సిక్లిడ్లలోనే పీకాక్‌లు అనే రకం అందమైనవే గానీ వాటి తీరు వేరు, మేత వేరు, ఎంబునాలతో కలపకుండా వేరే తొట్టి పెట్టండి. అంగుళంన్నర పీకాక్ పిల్ల ముదురు రంగులో మెరుస్తుంటే అనుమానించండి. ఆ వయసులో అది బూడిద రంగులో ఉండాలి, హార్మోన్లు వాడి ముందే రంగు తెప్పించే అలవాటు వ్యాపారంలో ఉంది. అలాగే రెడ్ జీబ్రా అనే మరో ఎంబునాని, ఎలక్ట్రిక్ ఎల్లోని ఒకే తొట్టిలో వేస్తే అవి కలిసి పిల్లల్ని పెడతాయి. అటూ ఇటూ కాని ఆ పిల్లల్ని అసలు జాతి పేరుతో అమ్మడం కొనేవాణ్ని మోసం చేయడమే.

చేపల కోసం హైదరాబాద్‌కి మూడు గంటల ప్రయాణం. ఎక్కువ సంఖ్యలో, మంచి జాతి కావాలంటే దేశంలో అలంకార చేపలకు పెద్ద కేంద్రం చెన్నైలోని కొళత్తూరు. కవరులో మూడోవంతు నీళ్లు, మిగతా ఆక్సిజన్, బయట థర్మాకోల్ పెట్టె. ఎండాకాలంలో రాత్రి ప్రయాణమే మంచిది. తెచ్చిన చేపల్ని విడి తొట్టిలో రెండు మూడు వారాలు ఉంచి గమనించాకే పెద్ద తొట్టిలో కలపండి.

మేత విషయంలో చాలామంది ప్రేమతోనే చంపుతారు. ఎంబునాల పేగులు పొడుగ్గా ఉంటాయి, పాచి అరిగించుకోవడానికి. కొవ్వున్న మేత, మాంసం ముక్కలు పెడితే మలావీ బ్లోట్ అనే జబ్బు వస్తుంది: చేప తిండి నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది, పొట్ట ఉబ్బుతుంది, దారంలా తెల్లటి విసర్జన వస్తుంది, కొద్ది రోజుల్లో పోతుంది. స్పిరులీనా ఉన్న గుళికలు రోజుకి రెండుసార్లు, ఒక నిమిషంలో తినేసేటంతే వేయండి. వారానికి ఒక రోజు ఉపవాసం ఉంచినా మంచిదే.

వారానికోసారి మూడోవంతు నీళ్లు మార్చాలి. సైఫన్ గొట్టంతో ఇసుక మీది మురికిని లాగేయండి. కొత్తకోట వాళ్లకి సైఫన్ గురించి నేను చెప్పనక్కర్లేదు. 1959లో మొదలైన సరళాసాగర్ ఇక్కడే ఉంది. జలాశయం నిండగానే మనిషి చెయ్యి పడకుండా అక్కడి సైఫన్లు మిగులు నీళ్లను వాటంతట అవే లాగేస్తాయి. పెద్ద తొట్టికి ఒక్క ప్లాస్టిక్ పైపుతో ఇదే సూత్రాన్ని అమర్చి, కొత్త నీళ్లు పోస్తుంటే మిగులు నీళ్లు మోరీలోకి పోయేలా చేసుకోవచ్చు. ఫిల్టర్ స్పాంజిని ఎప్పుడూ తొట్టి నీళ్లతోనే కడగండి. నల్లా కింద కడిగితే క్లోరిన్‌కి బాక్టీరియా చచ్చి, మళ్లీ మొదటికొస్తారు.

డబ్బు ఎక్కడినుంచి వస్తుంది? చేపలు అమ్మడం కంటే తొట్ల నిర్వహణే నిలకడైన రాబడి. తొట్టి అమ్మిన రోజునే నెలవారీ సర్వీసు మాట్లాడుకోండి: నెలకి నాలుగు రాకలు, ప్రతి రాకలో నీళ్ల మార్పు, పరీక్ష, అంకెలు ఒక కార్డు మీద రాసి అక్కడే వేలాడదీయడం. ఆ కార్డు చూసే పక్కింటి వాళ్లు మిమ్మల్ని పిలుస్తారు. పది తొట్లు చేతికొస్తే ఆదివారాలు నిండుతాయి. హైవే మీది హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, క్లినిక్‌లు, బడులు, వీటినే మొదట అడగండి.

రెండో రాబడి పిల్లలు. తల్లి గుడ్లను నోట్లోనే ఉంచుకుని మూడు వారాల పాటు పొదుగుతుంది, అన్నాళ్లూ తిండి దాదాపు ముట్టదు. గొంతు కింద ఉబ్బి, మేతకు రాకుండా మూల నక్కితే అదే గుర్తు. పదిహేనో రోజు దాటాక మెల్లగా పట్టి, రాళ్లున్న చిన్న తొట్టిలోకి మార్చండి. పది నుంచి నలభై పిల్లలు వస్తాయి, మూడు నెలల్లో అమ్మకానికి తయారవుతాయి. పిల్లల్ని వదిలిన తల్లిని ఒక వారం అక్కడే ఉంచి, బాగా తినిపించి, కోలుకున్నాకే వెనక్కి పంపండి. నీరసంగా వెళ్తే మగ చేప చంపేస్తుంది.

నేర్చుకోవాలంటే పెబ్బేరులోనే మత్స్యశాస్త్ర కళాశాల ఉంది. పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం కింద నడుస్తోంది, జబ్బుల విషయంలో అక్కడి అధ్యాపకులను అడగొచ్చు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి అలంకార చేపల యూనిట్‌కి 3 లక్షల రూపాయల ఖర్చు లెక్కగట్టి, జనరల్ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 60 శాతం రాయితీ పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారా, షరతులేమిటి అన్నది వనపర్తిలోని జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కున్నాకే లెక్కలు వేసుకోండి. రాయితీని నమ్మి అప్పు చేయకండి.

చివరిగా ఒక షరతు, దీనికి మినహాయింపు లేదు. అమ్ముడుపోని చేపల్ని, కొట్లాడే చేపల్ని చెరువులోనో, సరళాసాగర్‌లోనో, కృష్ణలోనో వదలకండి. తిలాపియా కూడా ఆఫ్రికా సిక్లిడే, 1952లో దేశానికి తెచ్చారు, ఇప్పుడు తీయలేనంతగా చెరువుల్లో పాతుకుపోయింది. తొట్టి అద్దాలు శుభ్రం చేస్తుందని అమ్మిన సక్కర్ చేప కృష్ణా నీళ్లలో చేరి మత్స్యకారుల వలలు చింపుతోంది. బెస్తవాళ్లు, ముదిరాజులు బతికేది ఆ చెరువుల మీదే. కస్టమర్ వద్దన్న ప్రతి చేపనూ మీరే వెనక్కి తీసుకుంటానని తొట్టి అమ్మేటప్పుడే చెప్పండి, దానికోసం ఇంట్లో ఒక ఖాళీ తొట్టి ఎప్పుడూ నడుస్తూ ఉంచండి.